పాత స్కజీ డిస్క్ కనిపించట్లేదా? ముందు కేబుల్ చూడండి

మా అమలాపురం గాలికి వర్షాకాలంలో ఏ పిన్నయినా చిలుం పట్టేస్తుంది. అందుకే పాత స్కజీ (SCSI, ఒకే కేబుల్‌కి వరసగా చాలా పరికరాలు తగిలించే పాత పద్ధతి) హార్డ్ డిస్క్ కంప్యూటర్‌కి కనిపించకపోతే, అది పోయిందని బెంగపడకుండా, కరెంట్ తీసేసి, కేబుల్ ఊడదీసి, ఆ 50 పిన్నులూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక ఎర్రగీత ఒకటో పిన్ను వైపు వచ్చేలా మళ్లీ గుచ్చండి.

అయినా కనిపించకపోతే టెర్మినేషన్ (కేబుల్ చివర్లలో సిగ్నల్ వెనక్కి తిరగకుండా ఆపే ఏర్పాటు) చూడండి. టెర్మినేటర్లు గొలుసు (కేబుల్ మీద వరసగా ఉన్న పరికరాలు) రెండు చివర్లలోనే ఉండాలి, మధ్యలో ఉండకూడదు. నేనైతే చివర సీడీ డ్రైవ్ తగిలించి, మధ్యలో పడ్డ డిస్క్ మీద రెసిస్టర్ ప్యాక్‌లు (డిస్క్ మీది టెర్మినేటర్లు ఇవే, దువ్వెన ముక్కల్లా ఉంటాయి) అలాగే వదిలేసి, రెండు ఆదివారాలు తగలేశాను. వాటిని పీకేముందు వాటి మీది చుక్క (ఒకటో పిన్ను గుర్తు) ఎటుందో ఫోటో తీసుకోండి, తిరగేసి పెడితే మళ్లీ మొదటికొస్తుంది. ఒక్కో పరికరానికి పెట్టే ఐడీ నంబర్లు కూడా ఒకటే కాకూడదు, 7 మామూలుగా కంట్రోలర్‌ది (కంప్యూటర్ వైపు స్కజీని నడిపే భాగం).