పాత నాస్‌కు కొత్త ఫర్మ్‌వేర్: ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది, ఏం చేయాలి

ఎనిమిదేళ్లు, పదేళ్లు నడిచిన నాస్ డబ్బాకు (ఇంటి నెట్‌వర్క్‌కు కలిపి, అందరి ఫైళ్లూ ఒకచోట దాచుకునే డిస్కుల పెట్టె) ఫర్మ్‌వేర్, అంటే దాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్, మార్చేటప్పుడు వచ్చే తంటాల్లో చాలావాటికి మూలం ఫర్మ్‌వేర్‌లో ఉండదు. అడాప్టర్ నీరసపడి ఉంటుంది, లోపలి గడియారం తప్పి ఉంటుంది, లేదంటే రూటర్ మారి అడ్రసు కలవకుండా పోయి ఉంటుంది. ఆపకుండా నడిచినన్నాళ్లూ ఇవి కనబడవు. అప్‌గ్రేడ్ కోసం రీస్టార్ట్ చేయగానే బయటపడతాయి. అప్పుడు ఆగమాగమై ఏదో ఒక బటన్ నొక్కితేనే డేటా పోయేది.

అలాగని పాత వర్షన్‌తోనే వదిలేయకండి. వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ డబ్బాలకు చివరి ఫర్మ్‌వేర్ 2015లో వచ్చింది. 2021 జూన్‌లో ఎందరివో డబ్బాలను దుండగులు ఇంటర్నెట్ మీదుగానే ఫ్యాక్టరీ రీసెట్ చేసేశారు, ఏళ్ల నాటి ఫొటోలు తుడిచిపెట్టుకుపోయాయి. మీ మోడల్‌కు కంపెనీ అప్‌డేట్లు ఆపేసి ఉంటే, రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి ఇంటర్నెట్ నుంచి డబ్బాకు తెరిచిన దారి) తీసేసి ఇంటి లోపలే వాడుకోండి.

ముట్టుకునే ముందు

ముందు పూర్తి కాపీ. రెయిడ్ (ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా డిస్కులను జతకట్టే పద్ధతి) ఉంది కదా అని ఊరుకోవద్దు, రెయిడ్ బ్యాకప్ కిందికి రాదు. పాత డబ్బా వెనక యూఎస్‌బీ 2.0 పోర్టు ఉంటే సెకనుకు 30 ఎంబీ మించడం కష్టం, 4 టీబీ కాపీకి 37 గంటలు పడుతుంది. అదే ఎక్స్‌టర్నల్ డిస్కును కంప్యూటర్‌కు పెట్టి, గిగాబిట్ లాన్ మీదుగా సెకనుకు 100 ఎంబీ చొప్పున లాగగలిగితే 11 గంటల్లో అయిపోతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో ఉన్న ఫొటో స్టూడియోకు ఆ తేడా చిన్నది కాదు.

తర్వాత డిస్కుల స్మార్ట్ రిపోర్టు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే చెప్పే లెక్క) చూడండి. రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోయి పక్కనపెట్టినవి) గానీ, పెండింగ్ సెక్టార్లు (చదవడం కష్టమవుతున్నవి) గానీ సున్నా దాటి పెరుగుతుంటే ముందు డిస్కు మార్చండి, అప్‌గ్రేడ్ తర్వాత చూసుకోవచ్చు. నల్గొండ ఎండలు 45 డిగ్రీలు తాకే రోజుల్లో మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దు. తెల్లవారుజాము మేలు.

ఇక కరెంటు. నాస్‌ను, రూటర్‌ను రెండింటినీ యూపీఎస్ మీద పెట్టండి. ఇంట్లో బోరు మోటరు ఉంటే పని అయ్యేదాకా వేయవద్దని అందరికీ చెప్పండి. మోటరు స్టార్టయిన క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా కిందికి పడుతుంది. లైటు మిణుకుమంటే మనం పట్టించుకోం, కానీ ఫ్లాష్ మెమరీలోకి రాస్తున్న డబ్బాకు ఆ ఒక్క క్షణమే చాలు.

“అప్‌డేట్ సర్వర్‌కు కనెక్ట్ కాలేదు” అంటోంది, నెట్ మాత్రం బాగానే ఉంది

ముందు డబ్బాలో తేదీ చూడండి. బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఎప్పటిదో ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పితే సర్వర్ సర్టిఫికెట్‌ను (సర్వర్ అసలుదేనని చెప్పే గుర్తింపు పత్రం) డబ్బా నమ్మదు. తేదీ సరిచేసి, నెట్‌వర్క్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ (సైటు పేరును అడ్రసుగా మార్చే సర్వర్) దగ్గర గూగుల్‌ది 8.8.8.8 పెట్టి మళ్లీ ప్రయత్నించండి.

తేదీ సరిగానే ఉన్నా కనెక్ట్ కాకపోతే, డబ్బాలోని రూట్ సర్టిఫికెట్లకు (మిగతా సర్టిఫికెట్లను నమ్మడానికి ఆధారమైనవి) కాలం చెల్లి ఉండవచ్చు. సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఆధారపడ్డ పాత రూట్ సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబర్ 30న ముగిసింది. ఆ రోజు నుంచి చాలా పాత పరికరాలకు ఇదే తిప్పలు. ఇక్కడ కుస్తీ పట్టడం దండగ. కంప్యూటర్‌లో కంపెనీ సైట్ నుంచి ఫైలు దించుకుని, మాన్యువల్ అప్‌డేట్ ద్వారా ఎక్కించండి.

బ్రౌజర్‌లో అడ్మిన్ పేజీయే తెరుచుకోవడం లేదు

చాలా పాత డబ్బాలు సురక్షిత కనెక్షన్‌కు టీఎల్ఎస్ 1.0 అనే పాత పద్ధతి మాత్రమే మాట్లాడతాయి, ఇప్పటి బ్రౌజర్లు దాన్ని ఒప్పుకోవు. అడ్రసులో హెచ్‌టీటీపీఎస్ తీసేసి మామూలు హెచ్‌టీటీపీతో వెళ్లండి. సైనాలజీ కంపెనీ నాస్ అయితే పోర్టు 5000, అంటే అడ్రసు చివర :5000 పెట్టాలి.

ఫైలు ఇస్తే “చెల్లదు” అంటోంది, లేదా చోటు లేదంటోంది

చెల్లదంటే మోడల్ పేరును అక్షరం అక్షరం పోల్చండి. చివర ఒక్క ప్లస్ గుర్తు తేడా ఉన్నా ప్రాసెసరే వేరు కావచ్చు. బ్రౌజర్ జిప్ ఫైలుగా దించితే విప్పి లోపలిది ఇవ్వాలి. చాలా పాత వర్షన్ నుంచి ఒక్క దూకులో చివరిదానికి వెళ్లనివ్వరు. రిలీజ్ నోట్స్‌లో మధ్య మెట్లు రాసి ఉంటాయి, ఒక్కొక్కటి ఎక్కి, ప్రతి మెట్టు దగ్గర లాగిన్ అయి చూసి ముందుకు పోండి.

చోటు లేదంటే అది మీ ఫొటోల చోటు గురించి కాదు. డిస్కు మొదట్లో సిస్టమ్ కోసం చిన్న పార్టిషన్ ఉంటుంది. సైనాలజీ పాత మోడళ్లలో అది 2.4 జీబీ. వాడని ప్యాకేజీలు, పాత లాగ్‌లు తీసేసి, ఒకసారి రీస్టార్ట్ చేసి మళ్లీ ఇవ్వండి.

ఒక హెచ్చరిక. సైనాలజీలో డీఎస్ఎం 7 (ఆ కంపెనీ నాస్‌లను నడిపే సిస్టమ్‌లో ఏడో వర్షన్) ఎక్కాక వైఫై డాంగిల్ పనిచేయదు. డాంగిల్ మీద నడిపిస్తుంటే ముందే లాన్ కేబుల్ లాగి పెట్టుకోండి.

శాతం మధ్యలో ఆగిపోయింది

డిస్కు లైటు మిణుకుతోందా చూడండి. మిణుకుతుంటే పని నడుస్తోంది, పేజీ మాత్రమే తెగింది. గంటసేపు వదిలేయండి. ఆ తర్వాత కొత్త ఇన్‌కాగ్నిటో విండోలో తెరవండి, బ్రౌజర్ దాచుకున్న పాత పేజీ వల్ల తెల్లపేజీ రావడం మామూలే. లైటు చలనం లేకుండా గంట దాటితేనే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపండి. ప్లగ్ పీకడం ఆఖరి మాట.

రీస్టార్ట్ అయ్యాక లేవడమే లేదు

ముందు అడాప్టర్‌ను అనుమానించండి. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలయ్యేటప్పుడు 12 వోల్టుల మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. రెండు డిస్కులకు 4, బోర్డుకు వేరే. పాతబడ్డ అడాప్టర్ ఖాళీగా కొలిస్తే 12 చూపిస్తుంది, బరువు పడగానే కుంగిపోతుంది. నల్గొండ గడియారం సెంటర్ దుకాణాల్లో తేలిగ్గా దొరికేది సీసీ కెమెరాల 12 వోల్టులు 2 ఆంపియర్ల అడాప్టర్. పిన్ను సరిగ్గా పడుతుంది, అదే మోసం. వోల్టేజీ, పిన్ను ధ్రువం అవే ఉండాలి, ఆంపియర్లు పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి. పాత అడాప్టర్‌ను చేతిలో పట్టుకుని వెళ్లి పోల్చి కొనండి.

అడాప్టర్ మంచిదైతే, డిస్కుల మీద 1, 2 అని మార్కర్‌తో రాసి, తీసి పక్కనపెట్టి ఖాళీ డబ్బాను ఆన్ చేయండి. లేచి నెట్‌వర్క్‌లో కనిపిస్తే తప్పు డిస్కుల వైపు ఉంది. లేవకపోతే బోర్డు.

బోర్డు విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. ఇంటెల్ ఆటమ్ సీ2000 ప్రాసెసర్లలో క్లాక్ సిగ్నల్ క్రమంగా చచ్చిపోయే లోపం ఉందని 2017లో బయటికొచ్చింది. సైనాలజీ డీఎస్415 ప్లస్, డీఎస్1515 ప్లస్, డీఎస్1815 ప్లస్‌లలో ఉన్నది ఆ ప్రాసెసరే. నీలం లైటు మిణుకుతూనే ఉంటుంది, డబ్బా లేవదు. 100 ఓంల రెసిస్టర్ సోల్డర్ చేసి చాలామంది లేపుకున్నారు, డేటా తీసుకునేంత వరకు నడిస్తే చాలు.

డబ్బా నడుస్తోంది, కానీ కనిపించడం లేదు

పాత రూటర్‌లో 192.168.1 వరుసలో స్థిరమైన అడ్రసు ఇచ్చి, తర్వాత జియో ఫైబర్ పెట్టించుకుంటే ఆ రూటర్ 192.168.29 వరుసలో ఉంటుంది. రెండూ కలవవు. సైనాలజీలో వెనక రీసెట్ రంధ్రంలో పిన్నుతో 4 సెకన్లు, ఒక బీప్ వచ్చేదాకా నొక్కి వదలండి. అడ్మిన్ పాస్‌వర్డ్, నెట్‌వర్క్ సెట్టింగులు వంటివి మొదటికి వస్తాయి, డేటా కదలదు. వెంటనే రెండోసారి నొక్కవద్దు, అది సిస్టమ్‌ను మళ్లీ ఎక్కించే దారి.

తర్వాత రూటర్‌లోని కనెక్టెడ్ పరికరాల జాబితాలో, డబ్బా అడుగు స్టిక్కర్ మీది మ్యాక్ అడ్రస్‌తో (ప్రతి పరికరానికి ఉండే సొంత గుర్తింపు సంఖ్య) పోల్చి పట్టుకోండి.

పాత టీవీకి, లేదా కొత్త ల్యాప్‌టాప్‌కు షేర్ రావడం లేదు

కొత్త ఫర్మ్‌వేర్ ఎస్ఎంబీ 1ను, అంటే నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పాత పద్ధతిని, ఆపేస్తుంది. 2017లో వానాక్రై వైరస్ పాకింది దాని గుండానే. పాత టీవీలకు మాత్రం అదొక్కటే తెలుసు, వాటికి నాస్‌లో డీఎల్ఎన్ఏ (టీవీకి ఫొటోలు, వీడియోలు పంపే సదుపాయం) ఆన్ చేయండి, ఎస్ఎంబీ 1 తిరిగి తెరవవద్దు. విండోస్ 11లో 24హెచ్2 అప్‌డేట్ వచ్చాక పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లు ఆగిపోయాయి. నాస్‌లో యూజర్‌ను సృష్టించి, ఆ పేరు, పాస్‌వర్డ్‌తో కనెక్ట్ చేస్తే వస్తుంది.

“డిస్కులను ఇనిషియలైజ్ చేయాలి” అంటోంది

ఇక్కడ చేతులు తీసేయండి. ఒప్పుకుంటే డిస్కులు ఖాళీ. డబ్బా ఆపి, వేరే 12 వోల్టుల కరెంటు తీసుకునే సాటా-యూఎస్‌బీ అడాప్టర్‌తో ఒక డిస్కును కంప్యూటర్‌కు పెట్టండి. విండోస్ ఫార్మాట్ చేయాలా అని అడుగుతుంది, దానికి లైనక్స్ ఫైల్ సిస్టమ్ చదవడం రాదు కాబట్టి. క్యాన్సిల్ నొక్కండి. ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఎండీఆడ్మ్ (mdadm), ఎల్‌వీఎం2 (lvm2) ప్యాకేజీలు వేసి, రెయిడ్‌ను అసెంబుల్ చేసి రీడ్-ఓన్లీగా మౌంట్ చేయండి. మిర్రర్ రెయిడ్ (రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉండేది) అయితే ఒక్క డిస్కులోనే మొత్తం ఉంటుంది. ఫైళ్లు వేరే డిస్కులోకి వచ్చి, నాలుగైదు ఫొటోలు తెరిచి చూశాకే నాస్‌లో ఇనిషియలైజ్ నొక్కండి.