వరదల రోజుల్లో తప్పులు దిద్దే వాళ్లకు జాగ్రత్తలు

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు, ఒక వాట్సాప్ గ్రూపులో ఒకాయన "11 లక్షల టీఎంసీలు వదిలారు, జాగ్రత్త" అని పెట్టాడు. వెంటనే ఇంకొకాయన తగులుకున్నాడు: "సాగర్ పూర్తిగా నిండితేనే 312 టీఎంసీలు. ఏం చదువుకున్నారు సార్?" నవ్వు బొమ్మలు వరసపెట్టి పడ్డాయి. వాటి కింద ఒకావిడ, "అయితే ఫేకేనా? హమ్మయ్య" అంది. ఆవిడ ఇల్లు కరకట్ట లోపల, నది వైపు.

మళ్లీ వానలు మొదలవుతున్నాయి కాబట్టి చెబుతున్నా. మాట తప్పయితే వార్తే తప్పన్నట్టు కొట్టిపారేయకండి. ఏటా కొంప ముంచేది ఇదే.

ముందు లెక్క చూసుకోండి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్లు, పారే వేగం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, నిల్వ. 11 లక్షల క్యూసెక్కులు ఒక రోజంతా పారితే సుమారు 95 టీఎంసీలు. పై మెసేజ్ దిద్దాలంటే ఇలా దిద్దాలి: "వరద నిజమే, కట్ట లోపలి వాళ్లు ఖాళీ చేయండి. అంకె మాత్రం క్యూసెక్కుల్లో." నిజమైన సంగతి ముందు, సవరణ తర్వాత. జనం మొదటి ముక్కే చదువుతారు.

"రెండో ప్రమాద హెచ్చరిక" మీద కొట్టుకునే ముందు ఏ ఊరిదో అడగండి. గోదావరి మీదే చూడండి: భద్రాచలంలో నీటిమట్టం 48 అడుగులకు చేరితే రెండోది. ధవళేశ్వరంలో 13 లక్షల క్యూసెక్కులకు. ఒకచోట రెండోది, ఇంకోచోట మొదటిది ఒకేసారి ఉండొచ్చు. ఇద్దరూ కరెక్టే, పొద్దున్నుంచి తిట్టుకుంటూ ఉంటారు.

2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోతే "డ్యామ్ తెగింది" అన్నవాళ్లున్నారు. తెగలేదు, నిజమే. "తెగలేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే దిగువ వాళ్లకు ఏం అర్థమవుతుంది? మాట తప్పయినా నీళ్లు వస్తున్నాయి కదా.

పెద్ద వాన పడితే చాలు "క్లౌడ్ బరస్ట్" అనేస్తారు. నిజమే, గంటలో 10 సెంటీమీటర్లు పడనిదే అలా అనరు. ఆ పాఠం వాన వెలిశాక చెప్పండి.

2024లో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు. ఇది మాత్రం వెంటనే దిద్దండి, ఎందుకంటే ఏ వాగు పొంగుతుందో తెలియకపోతే బ్యారేజీ లెక్కలు చూసుకుంటూ ఇంట్లోనే కూర్చుంటారు.

తేదీ, టైము లేని స్క్రీన్‌షాట్ మీద వాదించకండి. అంకె "ఇన్‌ఫ్లో"నా (వచ్చే నీళ్లు), "అవుట్‌ఫ్లో"నా (వదిలే నీళ్లు) తేలకుండా నోరెత్తకండి. పెద్దవాళ్లు రాసింది గ్రూపులో ఎగతాళి చేయకండి, విడిగా ఫోన్ చేయండి. రాత్రి పూట వాదనలు అసలు వద్దు. పార్టీ పేరు వచ్చిన చోట ఆగిపోండి. మీరు దిద్దిన మెసేజ్ కింద ఎవరైనా "హమ్మయ్య" అంటే, మిగతా వాదన ఆపి ముందు వాళ్లకు ఫోన్ చేయండి.