బెంగళూరులో ఇల్లు మారుతున్నారా? సంతకానికి ముందు ఇవి చూడండి

స్కూళ్లు తెరిచేలోపు ఇల్లు మారేవాళ్ల కోసం.

• అడ్వాన్స్ యజమాని బ్యాంకు అకౌంటులోకే వెయ్యండి. ఆస్తి పన్ను రసీదులో, ఖాతా పత్రంలో (ఆస్తి ఎవరి పేరున ఉందో చూపే నగరపాలక రికార్డు) ఉన్న పేరే అగ్రిమెంట్‌లోనూ ఉండాలి. మధ్యవర్తి చేతికిచ్చిన డబ్బు యజమానికి చేరకపోతే ఇల్లూ ఉండదు, డబ్బూ రాదు. మారతహళ్లిలో తెలుగు మాట్లాడే బ్రోకర్ దొరికితే ప్రాణం లేచొస్తుంది, నిజమే. అయినా కాగితాలు అడగాల్సిందే. అద్దె లేకుండా ‘లీజు’కి లక్షలు ఒకేసారి కట్టేవాళ్లు ఇంకా జాగ్రత్త.

• యజమాని విదేశాల్లో ఉంటున్నారా? అద్దెలో టీడీఎస్ (యజమాని తరఫున ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుని ప్రభుత్వానికి కట్టే బాధ్యత మీదే. కట్టకపోతే వడ్డీ కూడా మీ నెత్తినే పడుతుంది. ముందే ఆడిటర్‌ని కలవండి. ఇక్కడుండే యజమానికైతే నెల అద్దె 50,000 దాటితేనే.

• ఖాళీ చేశాక అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో ఇస్తారో, పెయింటింగ్‌కి ఎంత తగ్గించుకుంటారో రాయించండి. అడ్వాన్స్‌లోంచి ఒక నెల అద్దెంత పట్టుకోవడం ఇక్కడ మామూలే. రాతలో లేకపోతే గొడవ అక్కడే మొదలవుతుంది.

• లాకిన్ (ఖాళీ చేయకుండా ఉండాల్సిన కనీస గడువు) ఎన్ని నెలలు? ఉద్యోగం మారితే మధ్యలో వెళ్లాల్సి రావచ్చు.

• ఏడాది అద్దె లక్ష దాటితే యజమాని పాన్ ఇప్పుడే తీసుకోండి. ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపుకి అడుగుతారు.