ఎవరి సైటుకి వాళ్ల యూజర్: వర్చువల్‌మిన్‌లో మా పద్ధతి

విజయవాడ గవర్నర్‌పేటలో కూర్చుని నేను చూసుకునేవన్నీ చిన్న సైట్లే. ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపు, గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ వ్యాపారి, బ్రాడీపేటలో ఒక పళ్ల డాక్టరు గారు, ఇలాంటివి. అన్నీ అద్దెకు తీసుకున్న ఒకే సర్వర్ మీద నడుస్తాయి. చూసుకోవడానికి వెబ్‌మిన్ (బ్రౌజర్లోంచే లినక్స్ సర్వర్‌ని నడిపించే ప్యానెల్), దాని మీద వర్చువల్‌మిన్ (ఒకే సర్వర్ మీద చాలా సైట్లు పెట్టుకోవడానికి దానికి తగిలించేది) వాడతాను. రెండింటికీ డబ్బు కట్టక్కర్లేదు. ఇలాంటిదే ఇంకో ప్యానెల్ సీప్యానెల్ మంచిదే గానీ అకౌంట్ల లెక్కన లైసెన్స్ కట్టాలి, మన పార్టీలు, అంటే కస్టమర్లు, ఇచ్చే డబ్బులో అది గిట్టదు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కొత్తగా వేసిన డెబియన్ లినక్స్ గానీ, ఎక్కువ కాలం అప్‌డేట్లు వచ్చే ఉబుంటు ఎల్‌టీఎస్ గానీ తీసుకోండి. ఇంతకుముందే అపాచీ వెబ్ సర్వర్ వేసి కెలికిన మెషీన్ మీద వర్చువల్‌మిన్ ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ నడిపితే తర్వాత చిక్కులు విప్పుకుంటూ కూర్చోవాలి. మెమరీ తక్కువైతే మినిమల్ రకం ఎంచుకోండి. మెయిల్‌లో వైరస్ వెతికే క్లామ్‌ఏవీ ఒక్కటే దాదాపు ఒక జీబీ తినేస్తుంది.

ఇక సైటు చేర్చడం. క్రియేట్ వర్చువల్ సర్వర్ నొక్కగానే టాప్ లెవెల్, సబ్ సర్వర్, అలియాస్ అని మూడు కనిపిస్తాయి. కొత్తవాళ్లు పని తేలిగ్గా ఉంటుందని ఒక టాప్ లెవెల్ పెట్టి, పార్టీలందరినీ దాని కింద సబ్ సర్వర్లుగా తోసేస్తారు. ఆ పని చేయకండి. సబ్ సర్వర్లన్నీ పై అకౌంట్ లినక్స్ యూజర్ మీదే నడుస్తాయి. పుస్తకాల షాపు వర్డ్‌ప్రెస్‌లో ఒక పాత ప్లగిన్‌లోంచి ఎవడైనా దూరితే, అదే యూజర్ కింద ఉన్న మిర్చి వ్యాపారి ఫైళ్లలో కూడా రాయగలడు. అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటుకో కరెంటు మీటరు ఉన్నట్టు, పార్టీకో టాప్ లెవెల్ సర్వర్ ఉండాలి. డిస్క్ కోటా, పాస్‌వర్డ్, పీహెచ్‌పీ వెర్షన్ ఎవరివి వాళ్లకే. సబ్ సర్వర్ అనేది ఒకే యజమానికి రెండో సైటు ఉన్నప్పుడు. ఉన్న సైటుకే ఇంకో పేరు కావాలంటే అలియాస్.

అదే పేజీలో మెయిల్ ఫీచర్ దగ్గర ఒక్క క్షణం ఆగండి. వ్యాపారి మెయిల్ గూగుల్‌లో ఉంటే ఇక్కడ ఆ టిక్ తీసేయాల్సిందే. ఉంచితే, ఈ డొమైన్ నాదేననుకుని సర్వర్ తన దగ్గరే డెలివరీ చేసుకుంటుంది. సైటులో కాంటాక్ట్ ఫారమ్ ‘పంపాం’ అంటుంది, ఎర్రర్ ఎక్కడా రాదు, ఆయనకు మాత్రం ఒక్క ఎంక్వయిరీ చేరదు. ‘ఏమండీ, సీజన్‌లో కూడా ఒక్క పార్టీ అడగలేదేంటి?’ అని ఫోన్ వచ్చిందంటే నేను మొదట చూసేది ఇదే.

ఎస్‌ఎస్‌ఎల్ (సైటు అడ్రస్‌లో https రావడానికి కావలసిన సర్టిఫికెట్) కోసం, దాన్ని ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ చాలు. ముందు డొమైన్ ‘A’ రికార్డు (ఈ పేరు ఏ ఐపీలో ఉందో చెప్పే డీఎన్‌ఎస్ ఎంట్రీ) మన సర్వర్ ఐపీకి తిరిగిందో లేదో చూసుకుని, ఆ తర్వాతే బటన్ నొక్కండి. పేర్ల జాబితాలో డొమైనూ, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో ఉన్నదీ మాత్రమే రాయండి. డీఎన్‌ఎస్‌లో లేని పేరు కలిపితే అభ్యర్థన తిరిగొచ్చే ప్రమాదం ఉంది. ఒకే పేరుకి గంటలో 5 సార్లు ఫెయిలైతే కాసేపు అడగనివ్వరు, పక్కన పార్టీ కూర్చుని ఉంటే అదో టెన్షన్.

బ్యాకప్‌ని షెడ్యూల్డ్ బ్యాకప్స్‌లో సర్వర్‌కో ఫైల్ చొప్పున, రోజూ రాత్రిపూట, ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా వేరే ఊళ్లో ఉన్న ఇంకో మెషీన్‌కి పంపండి. ఆఫీసు కంప్యూటర్లో కాపీ ఉందిలే అనుకునేవాళ్లు 2024 సెప్టెంబర్‌లో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచిన సంగతి గుర్తు తెచ్చుకుంటే చాలు. అప్పుడప్పుడూ ఒక ఫైల్ తీసి ఖాళీ సర్వర్ మీద రీస్టోర్ చేసి చూడండి, తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

ప్యానెల్ 10000 పోర్టులో ఉంటుందని లోకమంతటికీ తెలుసు కాబట్టి టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో వచ్చే కోడ్ కూడా అడిగేది) పెట్టండి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ఐపీ మారిపోతుంటుంది, దాన్ని నమ్మి ఆ ఐపీ నుంచే ప్యానెల్ తెరుచుకునేలా లాక్ పెడితే మీరే బయట ఉండిపోతారు. అప్‌డేట్లు వాయిదా వేయొద్దు. డౌన్‌లోడ్‌కి పెట్టిన వెబ్‌మిన్ ప్యాకేజీలోనే ఎవరో దొంగ కోడ్ కలిపారని 2019 ఆగస్టులో బయటపడితే, 1.930 వెర్షన్‌తో సరిచేశారు.

ఎవరైనా పార్టీ వేరేవాళ్ల దగ్గరికి వెళ్తామంటే మనసు కష్టపెట్టుకోకండి. వాళ్ల ఒక్క బ్యాకప్ ఫైల్ ఇచ్చేయండి, విడిగా పెట్టాం కాబట్టి ఇంకెవరి డేటా అందులో ఉండదు. ఇక్కడ వెంటనే డిలీట్ చేయకుండా డిసేబుల్ చేసి ఓ నెల ఉంచండి. ‘ఆ పాత ఫోటోలు ఉన్నాయా అండీ?’ అని తప్పకుండా అడుగుతారు.