రస్ట్‌బోరోలో జిమ్‌కి ముందు ఇళ్లన్నీ తిరగండి

పోకెమాన్ ఎమరాల్డ్ వీడియో గేమ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు రస్ట్‌బోరో సిటీ చేరగానే నేరుగా జిమ్‌లోకి (ఊరి లీడర్‌తో పోకెమాన్ పోటీ జరిగే చోటు) దూరిపోకండి, ముందు కనిపించిన ప్రతి ఇంట్లోకీ వెళ్లి అందరితో మాట్లాడండి. ఒక ఇంట్లో ఒకాయన కట్ (దారికి అడ్డొచ్చే చెట్లు నరికే మూవ్) ఊరికే ఇచ్చేస్తాడు, కాకపోతే చెట్లు నరకాలంటే ఇక్కడి జిమ్ బ్యాడ్జ్ గెలవాల్సిందే. ట్రైనర్స్ స్కూల్లో టీచర్ని పలకరిస్తే క్విక్ క్లా అనే వస్తువు చేతికొస్తుంది, అది నెమ్మదిగా ఉండే పోకెమాన్‌కి తగిలిస్తే అప్పుడప్పుడు మొదటి దెబ్బ దానిదే అవుతుంది. నాకైతే ఈ ఊళ్లో దొరికేవాటిలో ఇదే బాగా నచ్చింది.

ఇక్కడి జిమ్ లీడర్ రాక్సాన్ దగ్గరున్న పోకెమాన్‌లన్నీ రాక్ టైపే, వాటి ముందు ఫైర్ టైప్ తేలిపోతుంది కాబట్టి టార్చిక్‌తో వచ్చినవాళ్లకి టెన్షన్ అక్కడే. వెనక్కి పెటల్‌బర్గ్ అడవికి వెళ్లి గ్రాస్ టైప్ పోకెమాన్ ష్రూమిష్‌ని పట్టుకుని కాస్త లెవెల్ పెంచండి, అబ్జార్బ్ అనే గ్రాస్ మూవ్ దానికి మొదటినుంచే వచ్చు, రాక్సాన్ వాడే జియోడ్యూడ్‌కి ఆ దెబ్బ నాలుగింతలు తగులుతుంది. చివర్లో వచ్చే ఆమె పోకెమాన్ నోస్‌పాస్ లెవెల్ 15.