బ్లిట్జ్ ఆడేవాళ్లు చదరంగం సెట్ కొనేటప్పుడు చూడాల్సినవి

బ్లిట్జ్ అంటే క్లాక్ పెట్టుకుని, ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలే ఉండేలా ఆడే వేగం చదరంగం. మూడు నిమిషాల ఆటలో పావుల అందం చూసే తీరిక ఎవరికీ ఉండదు. వేళ్లకు చటుక్కున అందాలి, చెయ్యి తగిలినా పడకూడదు. పడితే పడేసినవాళ్లే తమ సమయం పోగొట్టుకుంటూ నిలబెట్టాలి. మాధవమాల చెక్కబొమ్మలు చూస్తూ పెరిగిన మనకు సన్నటి చెక్కడం కనిపిస్తే మనసు లాగుతుంది. కానీ బ్లిట్జ్‌లో ముందు విరిగేవి గుర్రం చెవులు, రాజు నెత్తిన సిలువ. అవి పొట్టిగా, మందంగా ఉన్న సాదా స్టాంటన్ (పోటీల్లో వాడే మామూలు ఆకారం పావుల) సెట్టే తీసుకోండి.

అన్నిటికంటే ముందు పావు అడుగుభాగం బరువు చూడాలి. షాపులోనే రాజును బల్లమీద పెట్టి, తల పట్టుకుని కొంత పక్కకు వంచి వదలండి. ఊగి మళ్లీ నిలబడాలి. బంటునూ అలాగే చూడండి, చవక సెట్లలో రాజుకు బరువు పెట్టి బంట్లను బోలుగా వదిలేస్తారు. తర్వాత ఒక్కో పావునూ చెవి దగ్గర ఊపండి. లోపల టకటకమంటే బరువు కోసం పెట్టిన ఇనుప ముక్కకు వేసిన జిగురు ఊడినట్టే. 32 పావులూ కలిపి కిలో అటూఇటూ తూగే ప్లాస్టిక్ సెట్ రోజువారీ ఆటకు చాలు.

ఫిడే (ప్రపంచ చదరంగ సమాఖ్య) ప్రమాణం ప్రకారం రాజు ఎత్తు సుమారు 9.5 సెం.మీ., గడి 5 నుంచి 6 సెం.మీ. టేపు లేకపోతే ఒక గడిలో నాలుగు బంట్లు పెట్టి చూడండి, సరిగ్గా పట్టాలి. పట్టకపోతే బోర్డు ఇరుకు. నడుమనున్న గుర్రాన్ని తీయబోతే పక్కనున్న శకటు (బిషప్) కూడా కదులుతుంది. శకటుకూ బంటుకూ తేడా చూడగానే తెలియాలి, మంత్రి రాజుకంటే స్పష్టంగా పొట్టిగా ఉండాలి.

అయస్కాంతం సెట్ ప్రయాణానికి సరే, బ్లిట్జ్‌కు వద్దు. పావు అతుక్కుని చెయ్యి ఆగుతుంది. మడత బోర్డు అతుకు దగ్గర పావు తట్టుకుంటుంది. నున్నటి గాజు, పాలరాయి అసలే వద్దు.

బంటు చివరి గడి చేరి మంత్రి అయినప్పుడు పెట్టడానికి, రంగుకో అదనపు మంత్రి ఉన్న 34 పావుల సెట్ అడిగి తీసుకోండి. ఏనుగును తలకిందులుగా పెట్టి మంత్రి అనుకుంటే కుదరదు, నిబంధనల ప్రకారం అది ఏనుగే. బంటును చివరి గడిలో అలాగే వదిలి క్లాక్ నొక్కితే తప్పు ఎత్తు కింద లెక్క.

బోర్డుకు మెరుపు లేని వినైల్ (చుట్టగలిగే ప్లాస్టిక్ షీటు) మేలు, ట్యూబ్‌లైట్ వెలుగు కళ్లలో కొట్టదు. ఆకుపచ్చ, లేత పసుపు గళ్లయితే ఎక్కువసేపు ఆడినా కళ్లు అలసిపోవు. తిరుపతి, చిత్తూరు మే ఎండల్లో కారులోనో బండి డిక్కీలోనో వదిలేస్తే వినైల్ వంకర పోతుంది, పావుల అడుగున జిగురు కరిగి ఫెల్టు గుడ్డ ఊడుతుంది. వంకర పోయిన బోర్డును గళ్లు బయటికి వచ్చేలా తిరగేసి చుట్టి, తర్వాత పరిచి రాత్రంతా బరువైన పుస్తకాల కింద ఉంచితే సాఫీ అవుతుంది.