మిమ్మల్ని కదిలించిన పాటను ఇంకొకరికి వినిపించాలంటే

శిశువుకీ పశువుకీ పాముకీ గానరసం తెలుస్తుందన్నారు పెద్దలు. ఫ్యామిలీ గ్రూపుకి తెలుస్తుందని మాత్రం ఎక్కడా అనలేదు. మీకు కళ్లు తడిపిన పాటను గ్రూపులో పెడతారు. కింద రెండు దండాలు, ఒక బొటనవేలు, ఆ వెంటనే ఎవరిదో పుట్టినరోజు కేకు. వాళ్లని తిట్టుకుని లాభం లేదు. పాట వినిపించడానికీ ఒక పద్ధతి ఉంది.

విజయవాడ గవర్నర్‌పేటలో నాది ఒకప్పుడు క్యాసెట్ రికార్డింగు షాపు. ఇప్పుడదే కొట్లో పెన్‌డ్రైవులకి పాటలెక్కిస్తున్నా, ఫోన్లకి గ్లాసులంటిస్తున్నా. అప్పట్లో జనం చీటీ మీద పాటలు రాసుకొచ్చేవాళ్లు. చీటీ అందుకుంటూనే నేనడిగేది ఒకటే: "ఎవరికండీ? ఎక్కడ వింటారు?" మీరూ లింకు పంపే ముందు ఈ రెండూ ఆలోచించుకోండి. లారీ క్యాబిన్లో వినే మనిషికి సన్నటి ఆలాపనతో మొదలయ్యే పాట ఎక్కించి ఇస్తే ఇంజను మోతలో అది ఉన్నట్టే తెలీదు. అదే మనిషి రాత్రి దాబా దగ్గర మంచం మీద పడుకుని వింటానంటే కళ్లు మూసుకుని ఇచ్చేయొచ్చు.

అరవై నిమిషాల క్యాసెట్‌కి ఒక్కో వైపు అరగంట. గుండె పిండే పాటను మొదట పెట్టేవాణ్ణి కాదు. మొదటి పాట టైముకి మనిషి ఇంకా చెప్పులు విప్పుకుంటూనో, ఫ్యాను వేసుకుంటూనో ఉంటాడు. ఆఖర్నా పెట్టేవాణ్ణి కాదు, లెక్క కాస్త తప్పితే టేపు అయిపోయి చరణం మధ్యలో ఠక్కున ఆగిపోతుంది. మూడోదో నాలుగోదో దాని చోటు. ఇప్పుడు టేపు గొడవ లేదు కానీ మనిషి మారలేదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని వినిపించేటప్పుడు ముందు మామూలు పాటలు రెండు వేయండి. దూరాన ఉన్నవాళ్లకైతే ఒక్కరికి, ఒక్క పాట. పది లింకులు ఒకేసారి పంపితే పదీ "తర్వాత వింటా"లోకి పోతాయి.

పక్కన ఏం రాస్తారన్నది ఇంకా ముఖ్యం. "ఇది వింటే ఏడుపు ఆగదు" అని రాశారనుకోండి. అవతలి మనిషి పాట మానేసి, తనకి ఏడుపొస్తోందా లేదా అని చూసుకుంటూ కూర్చుంటాడు. చెవికి పని చెప్పండి, మనసుకి చెప్పకండి. "రెండో చరణం ముందు వేణువు ఆగాక ఆయన ఊపిరి తీసుకునే చోటు విను" అంటే చాలు.

ఇక సామాను సంగతి. నన్నడిగితే సగం పాటల్ని చంపుతోంది ఫోన్ స్పీకరే. నమ్మనివాళ్లకి కొట్లోనే చేసి చూపిస్తుంటా. కచేరీ ముక్క ఒకటి ముందు ఫోన్లో, తర్వాత అదే ముక్క పాత చెక్కపెట్టె స్పీకర్లో. ఫోన్లో మృదంగం కుడివైపు టకటకలే వినిపిస్తాయి. ఎడమవైపు తొప్పి మీద పడే గుంకారం అంత చిన్న స్పీకరుకి చేతకాదు. తంబురా దోమ రొదలా మిగులుతుంది. పెట్టెలో వేయగానే "ఇదా అది!" అంటారు. ఇంట్లో పెద్ద స్పీకరు లేకపోతే మామూలు వైరు ఇయర్‌ఫోన్ అయినా నయమే.

ఇయర్‌ఫోన్ చెరో చెవిలో పెట్టుకుని వినే జంటల్ని గుంటూరు రైల్లో చూస్తూనే ఉంటాం. ముచ్చటగానే ఉంటుంది కానీ స్టీరియో పాటలో కుడి వేరు, ఎడమ వేరు. అమ్మాయికి వినిపించిన వీణ అబ్బాయికి అందకపోవచ్చు. ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి మోనో ఆడియో ఆన్ చేసుకుంటే ఇద్దరికీ పాట మొత్తం వస్తుంది.

పెద్దవాళ్లకి వినిపించేటప్పుడు వాల్యూం పెంచడం ఒక్కటే మందు కాదు. వయసు మీద పడితే ముందు జారిపోయేవి సన్నటి, హెచ్చు శ్రుతి శబ్దాలు. స, త లాంటి అక్షరాలు చెదిరిపోయి, ఏదో పాడుతున్నారని తెలుస్తుంది, మాటేమిటో తెలీదు. వాయిద్యాలు తక్కువుండి గొంతు ముందుకొచ్చే పాట ఎంచండి. ఇంకో సంగతి, ఆ పాట ఆ ఇంట్లో ఇదివరకే దేనితో ముడిపడి ఉందో కనుక్కోండి. ఘంటసాల గారి భగవద్గీత ఎంత గొప్పదైనా, మన వీధుల్లో దాన్ని ఎక్కువగా విన్నది వైకుంఠ రథం మైకులో. ఆసుపత్రి మంచం మీదున్న పెదనాన్నకి అది పంపితే పెద్దమ్మ మీతో మాట్లాడదు.

దూరాన ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, స్పీకరు దగ్గర పెట్టి పాట వినిపించకండి. కాల్ ఉన్నది మాట కోసం, సంగీతాన్ని గోల అనుకుని అక్కడక్కడా కోసేస్తుంది. టైం అనుకుని ఎవరి ఫోన్లో వాళ్లు ఒకేసారి నొక్కండి. రేడియో రోజుల్లో అది దానంతటదే జరిగేది. 1948 డిసెంబరులో మొదలైన విజయవాడ ఆకాశవాణిలో పొద్దున్నే భక్తిరంజని వస్తుంటే వీధి పొడుగునా అదే పాట. పాల చెంబు పట్టుకుని నడుస్తున్నా చరణం తెగేది కాదు.

విన్నాక వెంటనే "ఎలా ఉంది?" అని మీద పడకండి. సత్యనారాయణపురం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చేవారు. పాట ఎక్కించి, పనిచేస్తోందో లేదో చూడ్డానికి వేశాను. ఆయన రెండు చేతులూ కౌంటరు మీద పెట్టి, అద్దం కింద ఉన్న చార్జర్లనే చూస్తూ విన్నారు. ఒక్క మాటా లేదు. "ఎంతయ్యింది?" అని డబ్బులిచ్చి వెళ్లిపోయారు. నచ్చలేదేమో అనుకున్నా. కొన్నాళ్లకి అదే పాట ఇంకో పెన్‌డ్రైవులో కావాలని వచ్చారు, తెనాల్లో ఉన్న తమ్ముడికిట.

అన్నట్టు, పెద్దవాళ్లకి పెన్‌డ్రైవులో ఇస్తున్నారా? ఫ్యాట్ 32 (FAT32) అనే పద్ధతిలో ఫార్మాట్ చేయించండి, పాత కారు స్టీరియోలు, చిన్న ప్లేయర్లు చాలావరకు అదొక్కటే చదువుతాయి. ఫార్మాట్ చేస్తే లోపలున్నదంతా పోతుంది. మీ పెళ్లి వీడియోలు ముందే వేరే చోటికి తీసుకోండి, తర్వాత నా మీదకి రావొద్దు.